గంధమా, నీరుకావా?

ముదురు రంగుల్లో ఎంపిక తేలిక. నచ్చిందో లేదో చూడగానే తెలుస్తుంది. చిక్కంతా మసక రంగులతోనే. షేడ్ కార్డులో లేత గంధం, నీరుకావి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. గోడకెక్కాక ఒకటి పచ్చదనానికి, ఇంకొకటి ఎరుపుకి తిరుగుతాయి.

ముందు రెండు కార్డుముక్కల్నీ తెల్లకాగితం మీద పెట్టండి, అడుగున దాగిన ఛాయ బయటపడుతుంది. తర్వాత చిన్న శాంపిల్ డబ్బాలు తెచ్చి, రెండడుగుల అట్టలకు ప్రైమర్ కొట్టి, రెండేసి కోట్లు వేయించండి. నేరుగా గోడమీద పూస్తే చుట్టూ ఉన్న పాత రంగు కన్నును మోసం చేస్తుంది. అట్టనైతే ఏ గోడకైనా మార్చుకోవచ్చు. తడిమీద తీర్పు చెప్పకండి. ఎమల్షన్ ఆరాక కాస్త ముదురుతుంది. సున్నం దీనికి పూర్తిగా భిన్నం, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. సున్నాల కాలం నాటి మేస్త్రీ ‘ఆరితే తేలుతుందిలెండి’ అంటే తలూపకండి.

అసలు పరీక్ష వెలుగుది. ఉత్తరపు కిటికీ వెలుగు ఎప్పుడూ చల్లగా, నీలంగా ఉంటుందని పాశ్చాత్యుల సలహా. లండన్‌కు అది చాలావరకు నిజం. కానీ మన ఊరు చేబ్రోలు ఉన్నది సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. పొద్దునా సాయంత్రమూ ఆ కిటికీలోంచి ఏటవాలు ఎండ పడుతుంది. సంక్రాంతికని డిసెంబరు వెలుగులో చూసి ఖాయం చేసిన రంగు వేసవిలో మరోలా ఉంటుంది. అందుకే అట్టలను పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. కిటికీ బయట వరిచేను ఉంటే ఆ పచ్చదనం గోడమీదికి వస్తుంది, పక్కింటి ఎర్రగోడ ఉంటే ఆ ఎరుపు వస్తుంది. ఇదొకటి చాలామంది పట్టించుకోరు.

రాత్రి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద నీరుకావి బూడిదబారుతుంది. 3000 కెల్విన్ పసుపు దీపం కింద రెండింటికీ తేడా దాదాపు పోతుంది.

నా మాట అడిగితే, ఉత్తరపు గదికి నీరుకావి, పడమటి గదికి గంధం. సాయంత్రపు ఎండకు నీరుకావి మరీ ఎర్రబడుతుంది.

తేల్చుకున్నాక గదికి సరిపడా రంగంతా ఒకేసారి కొనండి. మెషీన్‌లో కలిపినా డబ్బాకీ డబ్బాకీ రవ్వంత తేడా రావచ్చు, అన్నీ పెద్ద బకెట్‌లో కలిపించాకే బ్రష్ ముట్టించండి. మిగిలిన రంగు డబ్బా మూతమీద షేడ్ నంబరు రాసి దాచండి.