రక్తసంబంధం - రహస్యం

తొండియార్‌పేటలో తరతరాలుగా కాపురముంటున్న తెలుగువారికి మేనరికం కొత్త కాదు. అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. అక్క గర్భవతి. రక్తం పరీక్షించి, ఆమె తలసీమియా వాహకురాలని డాక్టరు చెప్పింది. భర్తకు ఆ లోపం లేదు కనుక బిడ్డకు ఆ జబ్బు రాదన్నది. కాని తమ్మునికి మేనత్త కూతురితో పెళ్ళి నిశ్చయమై ఉన్నది. “మా పుట్టింటివారికి చెప్పకండి డాక్టరమ్మా, వంశానికే చెడ్డపేరు వస్తుంది” అని అక్క బతిమాలింది.

ముందు వ్యాధి సంగతి తెలుసుకొందాం. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులంటారు. వారు ఆరోగ్యంగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకు కొన్ని వారాలకొకసారి రక్తమెక్కించాలి. అక్కకు ఈ జన్యువు తల్లి నుండో తండ్రి నుండో వచ్చి ఉండాలి. కనుక తమ్మునికి ఉండే అవకాశం సగం. తండ్రి వైపుదైతే మేనత్త కూతురికీ ఉండవచ్చును. అక్క రక్తపరీక్ష ఆమెది మాత్రమే కాదన్నమాట!

రోగి రహస్యాన్ని కాపాడుట వైద్యుని ధర్మం. అయితే 2002 నాటి వైద్య నియమావళి, ఫలానా వ్యక్తికి తీవ్రమైన అపాయమున్నప్పుడు రహస్యాన్ని చెప్పవచ్చునన్నది. అంతకు ముందు, 1998లో, సుప్రీంకోర్టుకు ఒక వ్యాజ్యం వచ్చింది. చెన్నైలోని ఒక ఆసుపత్రి పరీక్షలో ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలి, ఆ సంగతి బయటపడి, పెళ్ళి ఆగిపోయింది. వధువు ప్రాణం కాపాడుకొనే హక్కే పెద్దదని కోర్టు తీర్పు చెప్పింది. కాని హెచ్.ఐ.వి. అంటుకొనే జబ్బు. తలసీమియా అంటుకోదు; ఇక్కడున్నది పుట్టబోయే బిడ్డను గురించిన అవకాశం మాత్రమే. అందుచేత ఆ తీర్పును ఇక్కడ అట్లే వర్తింపజేయుట కష్టం.

లండనులో 2020లో ఇంకొక తీర్పు వచ్చింది. ఒక తండ్రికి హంటింగ్టన్ అనే వంశపారంపర్య వ్యాధి. గర్భవతియైన కుమార్తెకు చెప్పవద్దన్నాడు. వైద్యులు చెప్పలేదు. బిడ్డ పుట్టిన తరువాత ఆమెకు తెలిసింది. రోగి రహస్యాన్ని, బంధువుకు కలిగే నష్టాన్ని తూచి చూడవలసిన బాధ్యత వైద్యులకు ఉన్నదని కోర్టు అన్నది. అయినా ఆ వైద్యులది తప్పు కాదన్నది.

మన డాక్టరు అక్కను మరల పిలిచింది. తమ్ముడు, మేనత్త కూతురు ఇద్దరిలో ఒకరికి లోపం లేకపోయినా ఈ జబ్బు భయముండదని విడమరచి చెప్పింది. అక్కకు ఇది తెలియదు. వాహకులంటే రోగులేనని అనుకొన్నది. “అయితే నేనే చెప్తాను, ఒక కాగితం వ్రాసి ఇవ్వండి” అన్నది. రక్తసంబంధీకులు పరీక్ష చేయించుకొనుట మంచిదని డాక్టరు వ్రాసి ఇచ్చింది. అందులో అక్క పేరు లేదు. ఇంట్లోవారు ఊహించలేరా అంటే, అది వేరే సంగతి!