టికెట్ మీది పేరు వేరు, ఎగిరే విమానం వేరు

జనగామల విమాన టికెట్ల దుకాణం నడిపి, కొడుక్కు అప్పజెప్పిన. మానుకోట, భూపాలపల్లి దాకా మా గిరాకీ ఉన్నది: గల్ఫ్ పోయే కూలీలు, అమెరికా సదువులకు పోయే పిల్లలు, మనుమలను చూడబోయే ముసలోళ్లు. దుకాణంల కొత్తగ కూసునేటోళ్ల కోసం ఈ మాటలు.

1. టికెట్ మీద పెద్దక్షరాల పేరు అమ్మినోళ్లది. నడిపేటోళ్ల పేరు కింద చిన్నగ ఉంటది. దీన్నే కోడ్‌షేర్ అంటరు. 2019 డిసెంబరుల ఖతార్ ఎయిర్‌వేస్ తన నంబరును ఇండిగో నడిపే హైదరాబాద్–దోహా విమానానికి పెట్టింది. శంషాబాదు విమానాశ్రయంల నిలబడాల్సింది నడిపేటోళ్ల కౌంటరు ముందట. గిరాకీకి ఇది పైసలు తీసుకోకముందే చెప్పాలె.

2. రేటు ఎందుకు పెరిగిందని మనతోని కొట్లాడుతరు. సీట్ల కొరత ఎక్కడిదో తెలుసుకోవాలె. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం ఆకాశం ఆ దేశానిదే. అందుకని రెండు సర్కార్లు కూసోని వారానికి ఎన్ని సీట్లు, ఏ ఊర్లకు అని రాసుకుంటయి. దుబాయితోని మనకున్న లెక్క, ఒక్కో పక్కకు వారానికి సుమారు 66 వేల సీట్లు. ఇంకా కావాలని దుబాయి కంపెనీ ఎమిరేట్స్ ఏండ్ల నుంచి అడుగుతున్నది, ఢిల్లీ ఇస్తలేదు. ఇస్తే యూరప్, అమెరికా పోయే మనోళ్లను గూడ దుబాయి మీదికెళ్లి వాళ్లే ఎత్తుకపోతరని మన కంపెనీల భయం. ఆ భయం ఉత్తది కాదు. కాని పండుగకు ఇంటికొచ్చే కూలి కట్టేది ఆ కొరత రేటే.

ఒక కిటుకు చెప్త. దుబాయి, అబుదాబి, షార్జా ఒక్క దేశమే అయినా ఒప్పందాలు వేరువేరు. 2013ల మన జెట్ ఎయిర్‌వేస్‌ల అబుదాబి కంపెనీ ఎతిహాద్ వాటా కొన్నప్పుడు అబుదాబి సీట్లు 50 వేల దాకా పెరిగినయి. దుబాయి రేటు మండుతుంటే షార్జా, అబుదాబి గూడ చూడుర్రి. షార్జా దుబాయికి ఆనుకునే ఉంటది.

3. అమెరికాతోని 2005 ఏప్రిల్‌ల చేసుకున్న ఒప్పందంల సీట్లకు హద్దు లేదు. అయినా హైదరాబాద్ నుంచి నేరుగ పోయే విమానం 2021 జనవరిల గాని రాలె. ఎయిరిండియా షికాగోకు నడిపింది, అదీ నిలువలె. సర్కారు పర్మిషన్ ఇస్తది, సీట్లు నింపదు.

4. చౌకగ వస్తున్నదని రెండు వేరే టికెట్లు కలిపి ఇయ్యొద్దు. మొదటి విమానం లేటయితే రెండోటోళ్లకు సంబంధం ఉండదు. ఒక్క పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద కోడ్‌షేర్ అయితే సంచి మామూలుగ చివరి దాకా పోతది, మనిషిని చేర్చే బాధ్యత విమాన కంపెనీలది. ఇండియా 2009ల చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పోతే అమ్మినోళ్లనైనా, నడిపినోళ్లనైనా అడుగొచ్చు. బోర్డింగ్ పాస్, సంచి ట్యాగ్ పారేయొద్దని చెప్పుర్రి.

5. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి రోజూ అడుగుతున్నరు. శంషాబాదుకు 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం వద్దన్న షరతు అడ్డం తొలిగి, 2025 ఫిబ్రవరిల కేంద్రం ఒప్పుకున్నది. ఉత్త రన్‌వే ఉన్నంత మాత్రాన దోహా విమానం దిగదు. ఒప్పందంల ఊరి పేరుండాలె, ఇమిగ్రేషన్, కస్టమ్స్ రావాలె. ముందుగాల దేశంల తిరిగే విమానమే వస్తది. అది ఢిల్లీల, ముంబైల విదేశీ కంపెనీతోని కోడ్‌షేర్ పెట్టుకుంటే మానుకోటోళ్లకు వరంగల్ నుంచే ఒక్క టికెట్. భూపాలపల్లికైతే రైలు గూడ లేదు, వాళ్లు అందరికంటె ముందు అడుగుతున్నరు.