ఆనకట్టల లాభనష్టములు

ఆనకట్ట నీటిని నిలుపునని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. నీటితోపాటు అది మరి వేనిని నిలుపునో, ఎవరిని కదల్చునో విచారింతము.

వంశధారానది ఒడిశా కొండలలో పుట్టి, శ్రీకాకుళము జిల్లాలో ప్రవహించి, కళింగపట్నమువద్ద సముద్రమున కలియుచున్నది. గొట్టా బ్యారేజి కాలువలు అనేక గ్రామముల పొలములను తడుపుచున్నవి. వరదనీటిని దాచుటకై హిరమండలమువద్ద 19 టి.ఎం.సీ.లు పట్టు జలాశయమును నిర్మించిరి. ఆ నీటిని మళ్లించుటకై తలపెట్టిన కాట్రగడ మత్తడికి, ఒడిశాతో గల వివాదమును విచారించిన ట్రిబ్యునలు 2017లో అనుమతి నొసగెను.

ఇక నష్టములు. నిలిచిన నీటిలో ఒండ్రు, ఇసుక అడుగున దిగును. అవి దిగువకు రానిచో సముద్రము కోసిన తీరము మరల నిండదు. మంచినీటి ప్రవాహము తగ్గినచో ఉప్పునీరు నదిలోనికి ఎక్కివచ్చును. గ్రుడ్లు పెట్టుటకు ఎగువకు ఈదు చేపలకు దారి మూయబడును.

అన్నిటికంటె పెద్దనష్టము మనుష్యులది. జలాశయము కొరకు పలు గ్రామములవారు ఇండ్లను, పొలములను, పితరుల సమాధులను విడిచిరి. అహాబు వెల యిచ్చెదనన్నను నాబోతు తన ద్రాక్షతోట నేల యీయలేదో బైబిలు తరగతిలో చదివితిమి గదా! స్వాస్థ్యమునకు రూకలు సాటిగావు.

అట్లని ఆనకట్టలు వలదని మేమనము. వర్షము తప్పిన యేట పైరెండుట మన రైతు లెరుగుదురు. కాని తడిసిన పొలములను లెక్కించునపుడు మునిగిన ఊళ్లను గూడ లెక్కింపవలెను. నీరు పొందినవారు ఊరు విడిచినవారికి ఋణస్థులు. ఈ ఋణమును మరువకుండుటయు విద్యయే.