ప్రశ్నలు - జవాబులు: కీబోర్డు, తెలుగు రాత

ప్ర: ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. మా తాతగారు బీఎన్ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చారు. ఆ సంగతులన్నీ తెలుగులో రాసి పిల్లలకివ్వాలని ఉంది. లాప్‌టాప్ మీద అక్షరం పడిందో లేదో వేలికి తెలియడం లేదు. ఏ కీబోర్డు కొనమంటారు?
- మథురాకాటి పాఠకుడు

జ: అయ్యా, మెకానికల్ కీబోర్డు కొనండి. నాకిష్టమైనది టీవీఎస్ గోల్డ్. టికెట్ కౌంటర్లలో, బ్యాంకుల్లో ఏళ్ల తరబడి టకటకలాడింది అదే. మామూలు కీబోర్డులో మీటల కింద రబ్బరు పొర ఉంటుంది. ఇందులో మీట మీటకీ విడిగా స్ప్రింగు, స్విచ్చి ఉంటాయి. చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్చి మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సగం దాటగానే వేలికి చిన్న తట్టు తగిలి టక్కుమంటుంది, అక్షరం పడిపోతుంది. అడుగుదాకా నొక్కే పని లేదు, మాటిమాటికీ సరిచూసుకునే పనీ లేదు. ఆలోచన తెగకుండా వాక్యం సాగుతుంది. నాకు దానిమీద అంత మక్కువ అందుకే. కొనేటప్పుడు పెట్టె మీద స్విచ్చి పేరు చూసుకోండి.

ప్ర: మీటల మీద తెలుగు అక్షరాలు ఉండవు కదా! మా పిల్లలు బెంగాలీ, హిందీ కూడా టైపు చెయ్యాలి. మూడూ ఎలా నేర్పను?
- నింపురా పాఠకురాలు

జ: అమ్మా, ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. అది విండోస్‌లోనే ఉంది. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘కె’ నొక్కితే క, ‘జె’ నొక్కితే ర, ‘డి’ నొక్కితే పొల్లు. కె, డి, జె వరసగా కొడితే ‘క్ర’ వస్తుంది. భాష మార్చి అవే మీటలు కొడితే బెంగాలీలోనూ హిందీలోనూ అదే అక్షరం. మన ఖరగ్‌పూర్ పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? స్టిక్కర్లు అంటించకండి, చూపు మీటల మీదే ఉండిపోతుంది. ‘ఎఫ్’, ‘జె’ మీటల మీది చిన్న గీతలకు చూపుడువేళ్లు ఆనిస్తే మిగతావి తడుముకోకుండా దొరుకుతాయి. ముందు గుణింతాలు, తర్వాత ఒత్తులు, రోజూ పావుగంట చాలు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020లో నిర్ణయించింది. ఒక అర్జీ తెలుగులో కొట్టగలిగేవారు ప్రతి ఇంట్లో ఉంటేనే ఆ హోదా మనకు అక్కరకొస్తుంది.

ప్ర: రైల్వే క్వార్టర్‌లో ఉంటున్నాం. రాత్రిపూట రాసుకుంటాను. మెకానికల్ కీబోర్డు చప్పుడుకి ఇంట్లోవాళ్లు లేస్తారేమో?
- ఓల్డ్ సెటిల్‌మెంట్ పాఠకుడు

జ: తమ్ముడూ, నీకు బ్లూ వద్దు. బ్రౌన్ స్విచ్చి తీసుకో. వేలికి తట్టు తగులుతుంది, టక్కుమనదు. రెడ్‌లో తట్టు కూడా ఉండదు, మీట నున్నగా దిగిపోతుంది. ఆటలకు చాలామంది దాన్నే మెచ్చుకుంటారు, రాతకు మాత్రం నేను బ్రౌనే చెబుతాను. మీట అడుగుకు తగిలినా చప్పుడే కాబట్టి కీబోర్డు కింద మందపాటి గుడ్డ పరుచు, వేలు తేలిగ్గా వెయ్యి. వీలైతే దుకాణంలో ఒక పేరా కొట్టి చూశాకే డబ్బు కట్టు.