తిన్నవా? – ప్రేమను చెప్పే మన ఇంటి మాటలు

మన ఇళ్ళల్లో ఎవరూ ఎవరితోనూ ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనరు. ఆ వాక్యం సినిమాల్లో ఉంటది, ఉత్తరాల్లో ఉంటది, వంటింట్లో ఉండదు. అందుకని మనవాళ్ళకు ప్రేమ చెప్పడం రాదని కొందరు అంటుంటారు. ఆ మాట నిజం కాదు. మన భాషలో ప్రేమను చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి. అవి ‘ప్రేమ’ అనే పదం లేకుండానే పని చేస్తాయి. అయితే వాటిని ఎవరితో వాడుతున్నాం, ఎవరితో వాడకుండా వదిలేస్తున్నాం అన్నదే ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్న ప్రశ్న.

ఈ ఆలోచనకు కారణం మా ఊరు. మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, కిన్వట్ తాలూకా, మాండవి. నాన్న మరాఠీ, అమ్మ తెలుగు. ‘మహారాష్ట్ర అమ్మాయికి తెలుగు ఎట్లా వచ్చు?’ అని ఇక్కడ చాలామంది అడిగారు. 1956 నవంబర్ 1కి ముందు కిన్వట్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలను భాషను బట్టి విడదీసినప్పుడు కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా ప్రాంతాలు ఇటు వచ్చాయి. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు, అటూ ఇటూ పిల్లను ఇచ్చుకోవడం ఆగలేదు. అట్లాంటి ఇంట్లో పెరిగితే ఒకే ప్రేమను రెండు భాషలు ఎట్లా చెప్తాయో రోజూ వినొచ్చు.

1. ప్రేమకు పేర్లు

తెలంగాణ పల్లెల్లో ప్రేమను ‘పావురం’ అంటారు. ‘ఆ పిల్లంటే వాళ్ళ నాయినకు ఎంత పావురమో’ అంటే అక్కడ పక్షి ఏమీ లేదు. మరాఠీలో ఇంటి ప్రేమకు ‘మాయా’ అనే మాట ఉంది. ఆజీ, అంటే నానమ్మ, మనవల మీద చూపించేది మాయా. అదే మాట తెలుగులో మాయ, భ్రమ, మోసం. మా ఇంట్లో ఒకే పదం ఒక వైపు ప్రేమ, ఇంకో వైపు కనికట్టు. కొన్ని మాటలు మాత్రం రెండు వైపులా కలుస్తాయి. తెలుగులో ‘పానం పెట్టుకుంటది’ అంటాం, మరాఠీలో ‘జీవ్ లావణే’ అంటారు. రెండిటి అర్థం ఒకటే, ప్రాణాన్ని ఇంకొకరి మీద పెట్టడం. ఊరికి బయలుదేరేటప్పుడు ఇటు ‘పైలం బిడ్డా’ అంటారు, అటు ‘కాళజీ ఘే’ అంటారు. ‘పైలం’ అంటే పదిలం, జాగ్రత్త.

ఇక్కడ వ్యాకరణం కూడా గమనించండి. ‘నేను ప్రేమిస్తున్నాను’ అంటే అది నేను చేసే పని. కానీ ఇంట్లో మనం ‘నాకు నువ్వంటే ఇష్టం’ అంటాం. మరాఠీలోనూ ‘మలా’, అంటే ‘నాకు’ అనే మొదలవుతుంది. ఆకలి, జ్వరం, నిద్ర ‘నాకు’ వచ్చినట్టే ఇష్టం కూడా ‘నాకు’ కలుగుతుంది. రెండు భాషల్లోనూ అది మన చేతుల్లో లేని విషయం లాగానే చెప్పబడుతుంది.

2. పిలుపు

తెలుగులో అన్న వేరు, తమ్ముడు వేరు. అక్క వేరు, చెల్లె వేరు. కాబట్టి ముక్కూ ముఖం తెలియని మనిషిని పిలవాలన్నా ముందు ఒకసారి వాళ్ళను సరిగ్గా చూడాలి. వయసు ఎంత? అక్క అనాలా, పెద్దమ్మ అనాలా, అవ్వ అనాలా? ఆ ఒక్క చూపుతోనే ఎదుటివాళ్ళు మనకు మనిషిగా కనబడతారు. దీన్నే వరస కలిపి పిలవడం అంటారు. కూరగాయలమ్మే ఆమెను మరాఠీలో ‘మావశీ’ అంటారు, అంటే అమ్మకు అక్కచెల్లెలు. ‘అక్కా’ అనే పిలుపు మాత్రం మరాఠీ ఇళ్ళల్లోనూ ఉంది. మా బజార్ల ఆ ఒక్క మాటతో రెండు భాషల వాళ్ళూ తిరిగి చూస్తారు.

కానీ ప్రతి గౌరవం మాటా ప్రేమ కాదు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అనాల్సి వచ్చేది. అది వినయం లాగా వినిపిస్తుంది, కానీ లోపల ఉన్నది భయం. అదే ఊర్లో తాత వయసు పాలేరును దొర ఇంటి పిల్లలు ‘ఒరేయ్’ అని పిలిచేవాళ్ళు. వరస కలపడం కొందరికే దక్కింది, కులం చూసి కొందరికి దక్కలేదు. అందుకే ఒక ఊరి మంచితనం తెలుసుకోవాలంటే అక్కడ పెద్దవాళ్ళను ఏమంటున్నారో కాదు, ఊడ్చే ఆమెను ఏమని పిలుస్తున్నారో వినాలి.

3. ‘మనం’ అనే చిన్న మాట

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ‘మేము’ అంటే వింటున్న నువ్వు అందులో లేవు. ‘మనం’ అంటే నువ్వూ ఉన్నావు. హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఈ తేడా చెప్పడానికి విడి మాటలు లేవు. మరాఠీలో ఉన్నాయి: ‘ఆమ్హీ’ అంటే మేము, ‘ఆపణ్’ అంటే మనం. తెలుగు, కన్నడ లాంటి ద్రావిడ భాషల పక్కన వందల ఏళ్ళు బతకడం వల్ల మరాఠీకి ఇది అబ్బిందని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు.

కొత్త కోడలికి ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘మా ఇంట్లో ఇట్లా చేయం’ అంటే ఆమె బయట నిలబడినట్టు. ‘మన ఇంట్లో ఇట్లా చేస్తాం’ అంటే గడప దాటి లోపలికి వచ్చినట్టు. చెప్పిన విషయం ఒకటే, మారింది ఒక్క అక్షరం. ‘మనవాళ్ళు’ అనే మాటకు రెండో ముఖం కూడా ఉంది. మనవాళ్ళు అనగానే మనవాళ్ళు కానివాళ్ళు కూడా తయారవుతారు. ఆ గీత ఎక్కడ గీస్తామన్నది భాష నిర్ణయించదు, మనమే నిర్ణయిస్తాం.

4. ప్రశ్న, వీడ్కోలు

ఇల్లు విడిచి పోయేటప్పుడు ‘పోతున్న’ అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. ‘పోయొస్త’ అనాలి. మరాఠీలో ఇంకో అడుగు ముందుకు పోయి ‘జాతే’ (వెళ్తున్నా) అనకుండా ‘యేతే’ (వస్తున్నా) అంటారు. పోతూ పోతూ వస్తున్నా అని చెప్పడం వింతగానే ఉంటది గానీ, తిరిగి వస్తానన్న మాట ఇవ్వకుండా గడప దాటనివ్వరన్నమాట.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ‘తిన్నవా?’ అనే ప్రశ్న. హాస్టల్లో ఉన్న మన అందరి ఫోన్లూ దీనితోనే మొదలవుతాయి. మరాఠీలో ‘జేవ్‌లీస్ కా?’ అడిగేది అన్నం గురించే అయినా, తెలుసుకోవాలనుకునేది నువ్వు బాగున్నావా, నిన్ను ఎవరైనా చూసుకుంటున్నారా అని.

మా అమ్మ పెళ్ళి చేసుకొని వచ్చిన కొత్తలో ఆమెకు మరాఠీ రాదు, ఆజీకి తెలుగు రాదు. అందరిళ్ళలో లాగే మగవాళ్ళు, పిల్లలు తిన్న తర్వాతే వండిన మనిషి తినేది. ఆజీ నేర్చుకున్న మొదటి తెలుగు మాట ‘తిన్నవా?’ రోజూ గిన్నెలు సర్దే సమయానికి వంటింటి తలుపు దగ్గర నిలబడి అమ్మను ఆ ఒక్క మాట అడిగేదట. ఉచ్చారణ సరిగ్గా ఉండేది కాదని అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెప్తది. కానీ అమ్మ చెప్పే ఇంకో సంగతి నాకు ముఖ్యం అనిపించింది. ఆ ఇంట్లో అందరినీ ఆ ప్రశ్న అడిగేది అమ్మే. అమ్మను అడిగింది ఆజీ ఒక్కతే.

5. పరాయివాళ్ళకు పెట్టిన చేయి

తెలియనివాళ్ళ మీద దయ అంటే తెలుగువాళ్ళకు వెంటనే గుర్తొచ్చే పేరు డొక్కా సీతమ్మ గారిది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి కోడలిగా వెళ్ళిన ఆమె, 1909లో చనిపోయేదాకా గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళల్లో కూడా అన్నం పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె చేసింది ఏమిటంటే ‘తిన్నవా?’ అనే ఇంటి ప్రశ్నను వీధి వరకు తీసుకుపోవడం.

మా జిల్లా కేంద్రం నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది. 1708లో గురు గోవింద్ సింగ్ నాందేడ్‌లోనే కన్నుమూశారు. అక్కడి లంగర్‌లో ఎవరు వచ్చినా పేరు అడగరు, కులం అడగరు, నేల మీద వరుసగా కూర్చోబెట్టి వడ్డిస్తారు. రొట్టెను అక్కడ ‘ప్రసాదా’ అంటారు, రెండు చేతులూ చాపి తీసుకోవాలి. అట్లా కూర్చునే వరుసను ‘పంగత్’ అంటారు. మరాఠీలో ‘పంగత్’, తెలుగులో ‘బంతి’, అన్నీ ‘పంక్తి’ నుంచి వచ్చినవే. అయితే మన పల్లె విందుల్లో ఎవరి బంతి వాళ్ళకు వేరుగా ఉండేది. సిక్కు గురువులు అదే పంక్తిని అందరినీ కలపడానికి వాడారు. మాట ఒకటే, వాడిన తీరు వేరు.

మూడో ఉదాహరణ సానే గురూజీ. ఆయన 1933లో నాసిక్ జైల్లో ‘శ్యామ్‌చీ ఆయీ’ రాశారు. తల్లి ప్రేమ గురించి మరాఠీలో అంతగా చదివిన పుస్తకం ఇంకొకటి ఉండదేమో. దాని ఆధారంగా ఆచార్య అత్రే 1953లో తీసిన సినిమాకు రాష్ట్రపతి స్వర్ణ పతకం వచ్చింది. ఆ గురూజీయే 1947లో పండరిపురం విఠల మందిరంలోకి దళితులను రానివ్వాలని నిరాహార దీక్ష చేశారు. తల్లి గురించి అంత మెత్తగా రాసిన మనిషి, తనకు ఏమీ కాని వాళ్ళ కోసం అన్నం మానేశారు. ఇంటి ప్రేమా, వీధి దయా ఒకే చోట నుంచి వస్తాయని నేను అనుకోవడానికి ఆయన జీవితం ఒక కారణం.

6. పని చేస్తే చాలదా, మాట ఎందుకు?

‘ప్రేమ చేతల్లో ఉండాలి, మాటల్లో కాదు’ అని పెద్దవాళ్ళు అంటారు. సగం నిజమే. కానీ ఇంట్లో ఆ చేతలు ఎవరివో చూడండి. నీళ్ళు కాచేది, డబ్బా కట్టేది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. చేతలే చాలు అంటే, చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు, పొందేవాళ్ళు నోరు మెదపకుండా పొందుతూనే ఉంటారు. బస్సులో సీటు ఇచ్చిన అమ్మాయికి ‘థాంక్స్ అక్కా’ అంటాం. ఇంట్లో అక్కను ‘ఏయ్, నా చున్నీ ఏది?’ అని అడుగుతాం. బయటివాళ్ళకు ఇంటి వరసలు ఇస్తున్నాం, ఇంటివాళ్ళకేమో ఆర్డర్లు ఇస్తున్నాం.

అట్లాగని అమ్మకు ‘ధన్యవాదాలు’ చెప్తే ఆమె మనకు జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి చూస్తది. ఆ మాట సభలది. ఆప్యాయత, దయ అనే అర్థమున్న ‘నెనరు’ను ఈ మధ్య కొందరు ‘నెనర్లు’ అని థాంక్స్‌కు బదులు వాడుతున్నారు, అదీ ఇంకా ఇంట్లోకి రాలేదు. కానీ ఇంటికి సరిపోయే మాటలు మన దగ్గర ముందే ఉన్నాయి. ‘కూర మస్తుంది’ అనడం, ‘నువ్వు కూర్చో, నేను వడ్డిస్త’ అనడం, ‘నువ్వు తిన్నవా?’ అని మనమే ముందు అడగడం. పెద్దవాళ్ళు మనకు ‘సల్లంగుండు బిడ్డా’ అని తిరిగి ఇచ్చే దీవెన కూడా ఒక రకం థాంక్సే.

నోరు రానివాళ్ళ కోసం పండుగలు కూడా ఉన్నాయి. దసరా నాడు తెలంగాణలో జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుంటారు. మహారాష్ట్రలో ఆప్టా ఆకును ‘సోనం’, అంటే బంగారం అని పంచుతారు. ఏడాదంతా మాటలు లేని అన్నదమ్ములు కూడా ఆ రోజు ఆకు సాకుతో ఒకరి గడప ఒకరు తొక్కుతారు. కానీ దసరా ఏడాదికి ఒక్కసారే వస్తది. అన్నం మాత్రం రోజూ తింటాం.

అభ్యాసం

1. మీ ఇంట్లో ప్రేమకు వాడే మాటలు ఐదు రాయండి. అందులో ‘ప్రేమ’ అనే పదం ఉండకూడదు.

2. మీ ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరు? వాళ్ళను ‘తిన్నవా?’ అని అడిగేది ఎవరు?

3. మన కాలేజీలో గదులు ఊడ్చే వాళ్ళను, మెస్‌లో వడ్డించే వాళ్ళను మీరు ఏమని పిలుస్తారు? ఆ పిలుపు ఎందుకు ఎంచుకున్నారు?

4. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్ళు అడగకముందే మీరు అడగండి. వాళ్ళు ఏం జవాబు ఇచ్చారో ఈ గోడపత్రిక కింద కట్టిన కాగితం మీద రాయండి. మీ యాసలోనే రాయండి, ఇంట్లో వేరే భాష ఉంటే ఆ భాషలో రాసినా సరే. వచ్చే సంచికకు వాటినే ఒక పాఠంగా కూర్చుకుందాం.