పుట మారినా భావం తెగకుండా

పేరా ఒక భావానికి రూపం. భావం ముగియకముందే పుట ముగియడం సహజమే. కాని ఆ విరుపు ఒక ఒంటరి పంక్తిని మిగిల్చినప్పుడు పాఠకుని దృష్టి తడబడుతుంది. కంప్యూటరుపై ప్రాజెక్టు నివేదికలు, ప్రశ్నపత్రాలు, అర్జీలు తయారుచేసేవారు ఈ దోషాన్ని నివారించే పద్ధతి తెలుసుకొనుట అవసరం.

ఈ దోషం రెండు విధాలు. పేరా మొదటి పంక్తి ఒక్కటే పుట అడుగున నిలిచిపోతే దానిని 'ఆర్ఫన్', అనగా అనాథ పంక్తి అంటారు. చివరి పంక్తి ఒక్కటే తరువాతి పుట పైభాగాన మిగిలితే అది 'విడో', అనగా వితంతు పంక్తి. పూర్వం అచ్చుకూర్చేవారు పంక్తుల మధ్య ఎడమును సవరించేవారు. ఉర్దూ కాతిబు కషీదాతో అక్షరాన్ని సాగదీసి పంక్తిని నింపేవాడు. ఆ శ్రద్ధను నేడు మనం యంత్రానికి అప్పగించాలి.

చాలామంది ఎంటర్ మీటను పలుమార్లు నొక్కి పేరాను తరువాతి పుటకు త్రోస్తారు. ఇది సరియైన మార్గం కాదు. పైన ఒక వాక్యం చేర్చినా, అక్షరాల పరిమాణం మార్చినా ఆ ఖాళీ పంక్తులు పుట నడుమకు వచ్చి నిలుస్తాయి. కావున నియమాన్ని పుటకు గాక పేరాకు తగిలించాలి.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 'పేరాగ్రాఫ్' పెట్టె తెరిచి 'లైన్ అండ్ పేజ్ బ్రేక్స్' అనే భాగాన్ని చూస్తే నాలుగు నియమాలు కనిపిస్తాయి. మొదటిది 'విడో/ఆర్ఫన్ కంట్రోల్'. దీనివలన పేరా విరిగినా ఇరువైపులా కనీసం రెండేసి పంక్తులు ఉంటాయి. అందుచేత 4 పంక్తుల పేరా 2, 2గా మాత్రమే విరుగుతుంది. 3 పంక్తుల పేరా విరగనే విరగదు. రెండవది 'కీప్ లైన్స్ టుగెదర్'. ఇది పేరాను మొత్తంగా ఒకే పుటలో నిలుపుతుంది. మూడవది 'కీప్ విత్ నెక్స్ట్'; ఇది పేరాను తరువాతి పేరాతో ముడివేస్తుంది. నాలుగవది 'పేజ్ బ్రేక్ బిఫోర్'. అధ్యాయం క్రొత్త పుటలో ప్రారంభం కావడానికి ఇది తగినది.

వీనిలో మూడవ నియమం మిక్కిలి ప్రయోజనకరం. శీర్షిక పుట అడుగున ఒంటరిగా మిగలకుండా కాపాడేది ఇదే. ప్రశ్నపత్రంలో ప్రశ్న ఒక పుటలో, జవాబులు మరొక పుటలో పడితే విద్యార్థికి విలువైన సమయం వృథా అవుతుంది. ప్రశ్నకు, నాలుగు జవాబులలో మొదటి మూడింటికి ఈ నియమం పెడితే అన్నీ కలిసే ఉంటాయి. నాలుగవదానికి పెట్టరాదు, పెడితే తరువాతి ప్రశ్న కూడా ముడిపడుతుంది. అర్జీలో సంతకం ఒక్కటే రెండవ పుటలో మిగలడం మరింత ప్రమాదకరం. విషయం లేని కాగితంపై సంతకాన్ని మరొక విషయానికి జతచేయవచ్చును గదా! చివరి పేరాను, దాని దిగువ 'ఇట్లు' అనే పంక్తిని ఇదే నియమంతో సంతకానికి కలపాలి.

అయితే అన్ని పేరాలను ముడివేయరాదు. అట్లు చేస్తే పుటల అడుగున పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. ముడి పుట కంటె పొడవైతే యంత్రం ఎట్లయినా విరవక తప్పదు.

ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి నడిచినా పుట మాత్రం పైనుండి క్రిందికే నిండుతుంది. కావున ఈ నియమాలు ఉభయ భాషలకూ సమానమే. చదివేవానికి శ్రమ తగ్గించడం వ్రాసేవాని మర్యాద. విద్యార్థులు దానిని మొదటి నివేదిక నుండే అలవరచుకొందురు గాక!