వీడియో గేముల దొంగ కాపీలు: షరీఅత్ ఏమంటుంది?

సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు కురియుగాక!

హరామ్ సంపాదన అనగానే వడ్డీ, లంచం, తూకంలో మోసం మన కళ్ల ముందు మెదులుతాయి. మాంసం కొనేటప్పుడు జిబహ్ చేసినవారెవరని అడిగి మరీ కొంటాం. అదే పండగకు పిల్లవాడికి ఆటపెట్టె కొనేటప్పుడు మాత్రం ధర తప్ప మరేమీ అడగం. నేడు రెండు మూడు వేల రూపాయల లోపే టీవీకి తగిలించే గేమ్ స్టిక్ దొరుకుతోంది. లోపల పది వేల ఆటలున్నాయని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే జనగామకైనా, మహబూబాబాద్‌కైనా, భూపాలపల్లికైనా ఇంటి గుమ్మంలోకే వచ్చి చేరుతుంది. ఒక్క కొత్త ఆట ధరే సుమారు అయిదు వేలు ఉండే కాలంలో పది వేల ఆటలు ఇంత చౌకగా ఎలా వస్తున్నాయి? ఈ ప్రశ్న ప్రతి ముస్లిం కుటుంబం వేసుకోవలసినదే.

అసలు విషయం ఏమిటి?

1983లో జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ ఫ్యామిలీ కంప్యూటర్ అనే ఆటపెట్టెను విడుదల చేసింది. దానికి నకళ్లుగా తయారైన చౌక పెట్టెలు 1990లలో మన ఊళ్లకు కూడా వచ్చాయి. క్యాసెట్ దూర్చి టీవీలో ఆడే ఆ వీడియో గేము చాలామంది తండ్రులకు గుర్తుండే ఉంటుంది. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే ఉన్నవి కొన్ని ఆటలే. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. అంటే అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, ఆట తయారుచేసినవారి అనుమతి లేదు. రెండు, కొన్నవాడికి చెప్పిన లెక్క అబద్ధం.

ఆ తరువాత డిస్కుల కాలం వచ్చింది. సోనీ కంపెనీ 1994లో ప్లేస్టేషన్‌ను, 2000లో ప్లేస్టేషన్ 2ను విడుదల చేసింది. రెండోది ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మొదటి ప్లేస్టేషన్ డిస్కు మీద కంపెనీ ఒక రహస్య గుర్తు పెట్టేది. మామూలు కంప్యూటర్‌లో డిస్కును కాపీ చేస్తే ఆట వస్తుంది గానీ ఆ గుర్తు రాదు. పెట్టె ముందుగా ఆ గుర్తును వెతుకుతుంది, కనబడకపోతే ఆటను నడపదు. దీనికి కొందరు ఒక ఉపాయం కనిపెట్టారు. పెట్టె విప్పి లోపలి బోర్డుకు చిన్న చిప్పును అతికించేవారు. దాన్నే మాడ్‌చిప్ అంటారు. పెట్టె గుర్తు కోసం వెతికినప్పుడు డిస్కు బదులు ఈ చిప్పే జవాబిస్తుంది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. దొంగ డిస్కు తరఫున నిలబడి, ఇది అసలైనదేనని చెప్పడమే ఆ చిప్పు పని. మన భాషలో దీన్ని అబద్ధపు సాక్ష్యం అంటాం. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోర పాపాలలో చేర్చారన్న సంగతి సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం హదీసులు తెలిసినవారికి కొత్త కాదు. చిప్పుకు జవాబుదారీ లేదు నిజమే. కానీ దాన్ని అతికించిన చేతికి, అతికించమన్న నోటికి జవాబుదారీ ఉంది.

షరీఅత్ ఆధారాలు

మొదటిది, యజమాని సమ్మతి. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం ద్వారా తప్ప ఒకరి సొమ్ము మరొకరు అన్యాయంగా తినరాదని దివ్య ఖుర్ఆన్ అన్ నిసా సూరా 29వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. దొంగ కాపీలో అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ అంగీకరించారు. కానీ ఆట తయారుచేసిన మూడోవాడి అంగీకారం లేదు.

రెండోది, ఒప్పందం. ఆట కొన్నవాడు దాన్ని ఆడుకోవచ్చు, కాపీలు తీసి అమ్మరాదు అన్న షరతు మీదనే ఆ అమ్మకం జరుగుతుంది. ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి ఆయతు ఆజ్ఞాపిస్తోంది. ముస్లింలు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారన్న భావం గల హదీసు జామె తిర్మిజీలో ఉంది.

మూడోది, మోసం. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆ వర్తకుణ్ణి నిలదీసి, మోసగించేవానితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు (సహీహ్ ముస్లిం). కేసముద్రం మార్కెట్‌కు ధాన్యం, మిర్చి తెచ్చే రైతులకు ఈ హదీసును విడమరచి చెప్పనక్కరలేదు. పది వేల ఆటలని పైన రాసి, లోపల అవే ఆటలను తిప్పి తిప్పి పెట్టడం కూడా తడి ధాన్యం వంటిదే.

పండితుల మాట

ఈ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్న సంగతి దాచవలసిన పని లేదు. మన ఉపఖండంలో గత తరం పెద్దలు కొందరు, ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్) వంటివారు, చేతికి చిక్కని హక్కును సరుకులా అమ్మడం కొనడం సరికాదని భావించారు. ఆయన కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ గారు మాత్రం నేటి వ్యాపార వ్యవహారంలో ఈ హక్కు ఆస్తితో సమానమైనదని వివరించారు. ఇస్లామీయ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, రచనా హక్కు, ఆవిష్కరణ హక్కు షరీఅత్ దృష్ట్యా రక్షణ గలవని, వాటిపై దౌర్జన్యం చేయరాదని తీర్మానించింది. యజమానులు కాపీ చేయవద్దన్న కంప్యూటర్ ప్రోగ్రాములను కాపీ చేయడం ధర్మసమ్మతం కాదని సౌదీ అరేబియా శాశ్వత ఫత్వా కమిటీ కూడా చెప్పింది.

పాత అభిప్రాయాన్ని ఆశ్రయించి దొంగ కాపీలను సమర్థించుకోవాలనుకునేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ పెద్దలెవరూ అబద్ధాన్ని, మాట తప్పడాన్ని హలాల్ అనలేదు.

మనం చెప్పుకునే సాకులు

"అది పరాయి దేశపు కంపెనీ, ముస్లిములది కాదు" అంటారు కొందరు. హిజ్రత్ సందర్భాన్ని తలచుకోండి. మక్కా ప్రజలు దైవప్రవక్త (స)ను చంపడానికి పన్నాగం పన్నారు. ఆ ప్రజల సొమ్మే ఆయన వద్ద అమానత్‌గా ఉంది. దాన్ని ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (ర)ను మక్కాలో ఉంచి ఆయన మదీనాకు పయనమయ్యారు. ప్రాణం తీయడానికి వచ్చినవారి సొమ్మే హలాల్ కానప్పుడు, మనకే హానీ చేయని కంపెనీ సొమ్ము ఎలా హలాల్ అవుతుంది?

"పేదవాళ్లం, అంత ధర పెట్టలేం" అంటారు మరికొందరు. ఆకలితో ప్రాణం మీదికి వచ్చినవానికి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. ఆట అలాంటి అవసరం కాదు. అది లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు.

"ఇందులో ఎవరికి నష్టం?" అని ఇంకొందరి ప్రశ్న. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి సంగతే తీసుకోండి. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో యంత్రం మీద పోసిన రేకును పెంబర్తి పని అని చెప్పి సగం ధరకు అమ్మితే అక్కడి కళాకారుని కడుపు కాలదా? ఆట వెనుక కూడా బొమ్మలు గీసేవారు, ప్రోగ్రాము రాసేవారు ఉంటారు. హైదరాబాదులో ఆ ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

పరికరమే హరామా?

అన్నిటికీ ఒకే తీర్పు చెప్పడం న్యాయం కాదు. కార్యాలు ఉద్దేశాలను బట్టి అన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధ సూత్రం. సారాయి తయారుచేసేవానికి ద్రాక్షరసం అమ్మవచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్) అనుమతించారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్) అయిష్టకరం అన్నారు. వస్తువుకు మంచి ఉపయోగం కూడా ఉన్నప్పుడు పండితులు ఎంత జాగ్రత్తగా మాట్లాడతారో దీన్ని బట్టి తెలుస్తుంది. చిప్పుకూ మంచి ఉపయోగాలు లేకపోలేదు. గల్ఫ్ నుంచి తెచ్చిన అసలైన డిస్కు వేరే ప్రాంతానిదని పెట్టె నిరాకరించవచ్చు. సొంతంగా ఆట తయారుచేసిన విద్యార్థి దాన్ని నడిపి చూడాలనుకోవచ్చు. న్యాయంగా కొన్న ప్రోగ్రాము పాడైపోతుందేమోనన్న జాగ్రత్తతో ఒక కాపీ తీసి ఉంచుకోవడాన్ని మన దేశపు 1957 కాపీరైటు చట్టం కూడా అనుమతిస్తుంది.

కానీ దొంగ డిస్కులు ఆడటానికే అని తెలిసి చిప్పు అతికించేవాడు ద్రాక్షరసం అమ్మినవాడి వంటివాడు కాడు. సారాయి కాచేచోట పనికి కుదిరినవాడి వంటివాడు. పాపకార్యంలో, దౌర్జన్యంలో ఒకరికొకరు సహకరించుకోవద్దని అల్ మాయిదా సూరా రెండో ఆయతు స్పష్టం చేస్తోంది. చట్టం కూడా ఊరుకోదు. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలను తప్పించడం 2012 సవరణతో నేరమైంది. దానికి 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు.

రిపేరు పని చేసే సోదరులకు

మన యువకులు ఎందరో మొబైల్, ఎలక్ట్రానిక్ రిపేరు మీద ఇల్లు నడుపుతున్నారు. అది చేతి కష్టంతో కూడిన గౌరవమైన సంపాదన. పాడైన పెట్టె బాగుచేయడం, బటన్లు మార్చడం, వాడిన అసలైన డిస్కు కొని అమ్మడం హలాలే. కాపీ ఆటలు ఎక్కించడం, ఒకరి ఖాతాను పదిమందికి అమ్మడం నుంచి చేతులు కడుక్కోవాలి. ఇంతకుముందు చేసి ఉంటే తౌబా చేసుకుని, వచ్చిన సొమ్ము సంగతి దగ్గరలోని ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి.

కెనడాకు చెందిన ఒక వ్యక్తి ఆటపెట్టెల తాళాలు తప్పించే పరికరాలు అమ్మే ముఠాలో పనిచేశాడు. 2022 ఫిబ్రవరిలో అమెరికా కోర్టు అతనికి 40 నెలల జైలుశిక్ష విధించింది. నింటెండోకు అతను చెల్లించవలసిన మొత్తం 1 కోటి 45 లక్షల డాలర్లు. జైలు నుంచి బయటికి వచ్చాక కూడా ఆ బాకీ అతణ్ణి వదల్లేదు. ఇది ఇహలోకపు లెక్క. పరలోకంలో డాలర్లుండవు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకుని కూడా, ఇతరుల సొమ్ము తిన్నందుకు, వారిని బాధించినందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి ఖాళీ చేతులతో మిగిలేవాడే అసలైన దివాళాకోరు అని దైవప్రవక్త (స) వివరించారు (సహీహ్ ముస్లిం).

ఇంట్లో ఏం చేయాలి?

కొనేముందు అడగండి: ఈ ఆటలకు అనుమతి ఉందా? జవాబు దొరకకపోతే వదిలేయండి. తయారుచేసినవారే ఉచితంగా ఇచ్చే ఆటలు ఎన్నో ఉన్నాయి. వాడిన అసలైన డిస్కులు తక్కువ ధరకే దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఒక ఆట కొని, ఒకరి తరువాత ఒకరు ఆ డిస్కుతో ఆడుకోవచ్చు. ఆట లోపలి విషయం ఎలాంటిది, నమాజు వేళ దాటిపోతోందా అన్నది కూడా తల్లిదండ్రులే చూసుకోవాలి.

దొంగ కాపీని పక్కన పెడితే పిల్లవాడు అలగవచ్చు. అలిగినా సరే, దగ్గర కూర్చోబెట్టుకుని కారణం చెప్పండి. చౌకగా వస్తోందని పరాయి సొమ్ము ముట్టకూడదని అతడు పదేళ్లప్పుడే నేర్చుకుంటే, రేపు ఆఫీసులో లంచం కవరు ముందుకు వచ్చినప్పుడు దాన్ని తోసేసే బలం వస్తుంది.

ఓ అల్లాహ్! మా ఇళ్లలోకి హలాల్‌ను మాత్రమే రానివ్వు. మా పిల్లలను ఇతరుల హక్కులను గౌరవించేవారిగా తీర్చిదిద్దు. ఆమీన్.